అంటుకుంటుందా?

ఒంటి మీద పొక్కులో మచ్చలో కనిపిస్తే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "నొప్పిగా ఉందా?" అని కాదు, "అంటుకుంటుందా?" అని. నోరు తెరిచి అడగనివాళ్ళ బదులు కళ్ళు అడుగుతాయి. మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి ఒక్క క్షణం ఆగిన వేళ్ళు అడుగుతాయి.

ఆ ప్రశ్న తప్పని చెప్పడానికి ఇది రాయడం లేదు. మశూచినీ కలరానీ ప్లేగునీ చూసిన ఊరు మనది. నల్లకుంటలోని ఫీవర్ హాస్పిటల్‌ని పాతవాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అనే మాట జనం నోళ్ళలో నాని కోరంటి అయింది. కాస్త ఇవతలికొస్తే నారాయణగూడలో ఐ.పి.ఎం. ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. కుక్క కరిస్తే సూదిమందు కోసం పరిగెత్తేది అక్కడికే, తాగే నీళ్ళ శాంపిళ్ళు పరీక్షకి వెళ్ళేదీ అక్కడికే. రోగాలు పాకకుండా చూడడమే పనిగా ఉన్న ఈ రెండు చోట్లకీ దగ్గర్లోనే ఉన్నాయి చిక్కడపల్లి, అశోక్ నగర్. ఇక్కడివాళ్ళు అంటుకుంటుందా అని అడిగితే అది పిరికితనం అనలేం. కొన్ని తరాల అనుభవం అలా అడిగిస్తుంది.

నా సందేహం ఆ తర్వాతి సంగతి గురించి. "అంటదు" అని జవాబొచ్చాక కూడా మనం ఎందుకు వెనక్కి జరుగుతాం? అసలు "అంటదు" అన్నది ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడానికి సరైన కారణమేనా? ఈ రెండు ప్రశ్నల్నీ ఒక అరుదైన చర్మవ్యాధి పక్కన పెట్టి చూద్దాం.

*

దాని పేరు పెంఫిగస్ వల్గారిస్. గ్రీకులో పెంఫిక్స్ అంటే పొక్కు. లాటిన్‌లో వల్గారిస్ అంటే మామూలుది, అందరిలో ఉండేది. పేరులో ఉన్న మామూలుతనం జబ్బులో లేదు. చాలా దేశాల్లో ఏడాదికి పదిలక్షల మందిలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందికే కొత్తగా వస్తుంది.

మన చర్మంలో పైపొర కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. జాకెట్టుకి టిచ్ బటన్లు ఎలాగో, కణానికీ కణానికీ మధ్య అలాంటి బొత్తాలుంటాయి. వాటిలో డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్ ఉంటుంది. పెంఫిగస్‌లో శరీరమే ఆ ప్రోటీన్‌ని పరాయిదనుకుని దాని మీదికి యాంటీబాడీల్ని పంపిస్తుంది. బొత్తాలు ఊడిపోతాయి. కణాల మధ్య సందు పడి, అందులో నీరు చేరి, పలచటి పొక్కు లేస్తుంది. అది నిలవదు, చిట్లుతుంది. కింద పచ్చిపుండు మిగులుతుంది. పొక్కు పక్కన బాగానే కనిపించే చర్మాన్ని బొటనవేలితో కాస్త రుద్దినా పైపొర జారిపోతుంది. రష్యన్ డాక్టర్ నికోల్‌స్కీ పేరుతో డాక్టర్లు ఇవాళ్టికీ వెతికే గుర్తు అది. రోగి రక్తంలో ఆ యాంటీబాడీలున్నాయని 1964లో అమెరికాలో బ్యూట్నర్, జోర్డన్ అనే ఇద్దరు చూపించేదాకా ఇది ఎందుకొస్తుందో ఎవరికీ తెలీదు.

అంటే ఇందులో క్రిమి లేదు. ఒకరి ఒంట్లోంచి మరొకరి ఒంట్లోకి పోవడానికి ఏమీ లేదు. కణాలు ఒకదానికొకటి అంటుకోలేకపోవడమే జబ్బు. ఆ జబ్బు మనుషులకి అంటదు.

తెలుగులో "అంటు" చిత్రమైన మాట. అంటువ్యాధిలో భయం ఉంది. అంట్లు తోమడంలో ఎంగిలి ఉంది. అంటు మామిడిలో రెండు చెట్లు ఒకటి కావడం ఉంది. అంటరానితనంలో వేల ఏళ్ళ నేరం ఉంది. తాకడం, అతుక్కోవడం, మైల, రోగం అన్నిటికీ ఒకటే వేరు. అందుకే మనం "అంటుకుంటుందా?" అని అడిగినప్పుడు డాక్టర్‌ని ఒకటి అడిగామని అనుకుంటాం, నిజానికి రెండు మూడు అడుగుతాం. డాక్టర్ జవాబు చెప్పేది ఒకదానికే.

*

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. పేరు వద్దు. జగిత్యాల వైపు ఊరు, ఇరవై ఎనిమిదేళ్ళు, గ్రూప్-2కి చదువుతోంది. అశోక్ నగర్‌లో త్రీ షేరింగ్ హాస్టల్. పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి రాత్రిదాకా చదువుకునే వందలమందిలో ఒకతె.

మొదట నోట్లో పుండ్లు. ఈ జబ్బు చాలామందిలో నోటితోనే మొదలవుతుంది, నెలల తరబడి అక్కడే ఉంటుంది. "వేడి చేసిందే నీకు, మజ్జిగ తాగు" అంటుంది రూమ్మేటు. మెడికల్ షాపు అన్న బి-కాంప్లెక్స్ ఇస్తాడు. మెస్‌లో పచ్చిపులుసు పోసుకుంటే కళ్ళలో నీళ్ళొస్తాయి, అన్నంలో పెరుగు తప్ప ఏదీ దిగదు. ఎవరో పంటి డాక్టర్ దగ్గరికి పొమ్మంటారు. నాలుగు నెలలయ్యాక వీపు మీదా తలలోనూ పొక్కులు వస్తే అప్పుడు చర్మ డాక్టర్, బయాప్సీ, జబ్బుకి ఒక పేరు. అప్పటికే చుడీదార్ వీపుకి అతుక్కుంటోంది. తలగడ గలీబు మీద మరకలు. గదిలో ఒక వాసన.

ఒకరోజు హాస్టల్ ఆంటీ పిలుస్తుంది.

"ఏమనుకోకు బిడ్డా. అంటదని డాక్టర్ సారు రాసిచ్చిండు కదా, నేను నమ్ముతున్న. నాకైతే ఏం లేదు. కానీ మిగతా పిల్లలున్నరు. వాళ్ళ అమ్మానాయినలు ఫోన్ చేస్తే నేనేం చెప్పాలె?"

ఈ మాటలో ద్వేషం లేదు. అబద్ధం కూడా లేకపోవచ్చు. కానీ ఇందులో ఒక పద్ధతి ఉంది, దాన్ని ఈ నగరంలో ఇల్లు అద్దెకి వెతికిన వాళ్ళలో చాలామంది గుర్తుపడతారు. "మాకలాంటి పట్టింపులు లేవండీ, పైన ఉండేవాళ్ళే కొంచెం..." కులం అడిగేటప్పుడూ ఇదే మాట, మాంసం వండుతారా అని అడిగేటప్పుడూ ఇదే మాట. భయం ఎప్పుడూ పక్కవాడిదే. ఆంటీకి భయం లేదు, రూమ్మేట్ల గురించి చెబుతుంది. రూమ్మేట్లకి భయం లేదు, ఇంట్లోవాళ్ళ గురించి చెబుతారు. ఇంట్లోవాళ్ళని అడిగితే మాకేం లేదు, హాస్టల్ వాళ్ళే జాగ్రత్త పడాలి కదా అంటారు. సొంతదారుడు లేని భయం ఇది. ఎవరిదీ కాదు కాబట్టి ఎవరూ దానికి జవాబు చెప్పక్కర్లేదు. ఖాళీ చేయాల్సింది మాత్రం ఒక్కతే.

ఆంటీని విలన్ని చేయడం తేలిక. కానీ ఆమె వైపు నుంచి కూడా లెక్క చూడాలి. బిల్డింగ్ అద్దె నెలనెలా కట్టాలి. గల్లీకి నాలుగు హాస్టళ్ళు. ఒక్క పుకారు చాలు, నలుగురు పిల్లలు సామాన్లు సర్దుకుని పక్క గల్లీకి పోతారు. తన పొట్ట కొట్టుకుని మరొకర్ని కాపాడమని ఎవర్నీ శాసించలేం. నీతి అంతదూరం వెళ్ళి అడిగితే జనం దానికి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంటారు.

అయితే ఆమె నుంచి మనం ఏం ఆశించవచ్చు? నాకు తోచిన జవాబు చాలా చిన్నది: మిగతా పిల్లల్ని అడగడం. ఆమె వాళ్ళ తరఫున మాట్లాడింది గానీ వాళ్ళని అడగలేదు. డాక్టర్ రాసిచ్చిన కాగితం చూపించి, "ఇదీ సంగతి, మీకేమైనా ఇబ్బందా?" అని అడిగితే ఒకరిద్దరు ఇబ్బందే అనొచ్చు. కానీ అలా అన్న మనిషి తన పేరుతో, తన ముఖంతో అనాల్సి వస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. పక్కవాడి పేరు మీద పెంచుకున్న భయం మన పేరు మీదికి వచ్చేసరికి సిగ్గేస్తుంది. ఆ సిగ్గు పడే అవకాశం ఇవ్వకుండా, వాళ్ళ తరఫున ముందే జవాబు చెప్పేయడం ఆమె చేసిన అన్యాయం. అది ఆ అమ్మాయికే కాదు, మిగతా పిల్లలకీ జరిగిన అన్యాయం. వాళ్ళు మంచివాళ్ళై ఉండేవారేమో. ఆ సంగతి తేలకుండానే పోయింది.

*

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. "భయం సంగతి సరే, అసహ్యం మాటేమిటి? పచ్చిపుండు చూస్తే కడుపులో తిప్పుతుంది. అది నా చేతిలో లేదు కదా?"

లేదు. భరతుడు నాట్యశాస్త్రంలో జుగుప్సని స్థాయీభావాల్లో ఒకటిగా లెక్కపెట్టాడు. అంటే అది ఎక్కడో బయటినుంచి వచ్చిపడిన దుర్గుణం కాదు, మనుషులందరిలోనూ ఉన్నదే. మొదటి క్షణంలో ముఖం తిప్పుకోవడానికి ఎవరూ దోషులు కారు. వార్డులో కొత్తగా చేరిన నర్సుకీ ఆ క్షణం ఉంటుంది. తేడా రెండో క్షణంలో ఉంది. ఒంటినిండా పుండ్లతో ఉన్న రోగిని మామూలు దుప్పటి మీద పడుకోబెడితే గుడ్డ పుండుకి అతుక్కుంటుంది, తీసేటప్పుడు చర్మం దానితోపాటు వస్తుంది. మన దేశంలో చాలా ఆస్పత్రుల్లో దీనికి ఒక పాత ఉపాయం ఉంది: అరిటాకులు పరిచి వాటి మీద పడుకోబెట్టడం. ఆకు నున్నగా, చల్లగా ఉంటుంది, పుండుకి అతుక్కోదు, ఖర్చు దాదాపు లేదు. దీని గురించి వైద్య పత్రికల్లో కూడా రాశారు. ఆ ఆకు కడిగి పరిచే మనిషి ముందుగా అసహ్యాన్ని జయించి ఆ తర్వాత పనిలోకి దిగిందని నేననుకోను. పనిలోకి దిగాక అసహ్యం తనంతట తను తగ్గి ఉంటుంది.

అసహ్యం కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది "పాపం" అనే మాట. పాతకానికీ జాలికీ మనం ఒకటే మాట వాడతాం. "పాపం, ఎంత కష్టమొచ్చింది" అన్నప్పుడు జాలిపడుతున్నామనే అనుకుంటాం. కానీ చర్మవ్యాధి దగ్గరికొచ్చేసరికి పాత అర్థం కూడా వెనకాలే వస్తుంది. శాపం తగిలి కృష్ణుడి కొడుకు సాంబుడికి కుష్టు వచ్చిందనీ, సూర్యుణ్ణి కొలిచి పోగొట్టుకున్నాడనీ పురాణం. సూర్యశతకం రాసిన మయూరుడి గురించీ అలాంటి కథే చెబుతారు. చర్మరోగాలు పోతాయని అరసవల్లి వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వెళ్ళనివ్వండి, గుడికి వెళ్ళి కాస్త ధైర్యం తెచ్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. నష్టం ఆ కథ వెనకున్న లెక్కలో ఉంది: ఒంటి మీద కనిపించేదానికి లోపల ఏదో కారణం ఉండే ఉంటుందన్న లెక్క. ఏ పాపమూ లేదు, ఏ కారణమూ లేదు, ఒంట్లో కాపలావాడు పొరపడ్డాడు, అంతే. ఈ మాట వినడం రోగికి కూడా తేలిక కాదు. "నేనేం చేశాను?" అనే ప్రశ్నకి "ఏమీ చేయలేదు" అన్న జవాబు ఓదార్పు ఇస్తుందనుకుంటాం. ఒక్కోసారి అది మనిషిని మరింత ఒంటరిని చేస్తుంది. చేసిన తప్పుకైతే ప్రాయశ్చిత్తం ఉంటుంది, ఏమీ లేనిదానికి ఏం చేయాలి?

*

చేయాల్సింది వైద్యం. ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది.

1950ల ముందు పెంఫిగస్ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బతికేవాళ్ళు కాదు. పుండ్లలోంచి నీరు పోయి, ఇన్ఫెక్షన్ చేరి చనిపోయేవాళ్ళు. స్టెరాయిడ్లు వచ్చి ఆ స్థితిని మార్చాయి. కానీ పెద్ద మోతాదుల్లో ఏళ్ళ తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో జె.ఎస్. పస్రీచా ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. వరసగా మూడు రోజులు సెలైన్‌లో 100 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, రెండో రోజు దానితోపాటు 500 మిల్లీగ్రాముల సైక్లోఫాస్ఫమైడ్. 28 రోజులకోసారి మళ్ళీ అదే. మధ్యలో రోజూ ఒక చిన్న మాత్ర. ఖరీదైన మందులేవీ లేకుండా ఒక పేద దేశం తనకోసం తయారుచేసుకున్న వైద్యం అది. దేశమంతా పాకింది.

అందులో ఒక ముల్లు ఉంది. సైక్లోఫాస్ఫమైడ్ అండాశయాల్నీ వృషణాల్నీ దెబ్బతీస్తుంది. అందుకని పెళ్ళి కానివాళ్ళకీ ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళకీ ఆ మందు మినహాయిస్తారు. మన అమ్మాయి ఓపీలో నిలబడినప్పుడు, పక్కన వాళ్ళమ్మ ఉండగా, డాక్టర్ అడగక తప్పని ప్రశ్న అది. పెళ్ళయిందా? పిల్లలు కావాలా? ఒంటి మీద పొక్కుల గురించి వచ్చిన అమ్మాయి, ఇంకా తనే ఆలోచించుకోని ఒక సంగతికి నిమిషంలో జవాబు చెప్పాలి.

ఆ తర్వాత రిటుక్సిమాబ్ వచ్చింది. యాంటీబాడీల్ని తయారుచేసే బి-కణాల వంశాన్నే కొన్ని నెలలపాటు తుడిచిపెట్టే మందు. మొదట ఒక రకం క్యాన్సర్ కోసం తయారైంది. పెంఫిగస్‌కి వాడడానికి అమెరికా అనుమతి 2018లో వచ్చింది. దీని చౌక రూపం మన ఊళ్ళోనే పుట్టింది: హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో, అసలు మందు ధరలో దాదాపు సగానికి తెచ్చింది. ఆ సగం కూడా జగిత్యాల వైపు ఒక రైతు ఇంటికి చిన్న మొత్తమేమీ కాదు.

స్టెరాయిడ్ అయినా రిటుక్సిమాబ్ అయినా చేసే పని ఒకటే, శరీరం కాపలాని తగ్గించడం. తన మీదే తిరగబడిన కాపలావాణ్ణి నిద్రపుచ్చితే బయటి దొంగలకీ తలుపు తెరిచినట్టే. అందుకే మొదలుపెట్టే ముందు టీబీ ఉందేమో, హెపటైటిస్ బి ఉందేమో చూస్తారు. కోవిడ్ రోజుల్లో రిటుక్సిమాబ్ తీసుకున్నవాళ్ళలో వ్యాక్సిన్ సరిగా పనిచేయలేదు, జబ్బు ముదిరే ప్రమాదమూ వాళ్ళకి ఎక్కువగా ఉండేది.

ఇప్పుడు మళ్ళీ ఆ హాస్టల్ గదిలోకి రండి. ముగ్గురు అమ్మాయిలు. ఇద్దరు మూడో అమ్మాయి జబ్బు తమకి అంటుకుంటుందేమోనని మంచాలు జరుపుకున్నారు. వాళ్ళలో ఒకతెకి వారం నుంచి దగ్గు. ఆ గదిలో నిజంగా ఎవరి నుంచి ఎవరికి ప్రమాదం ఉంది? "అంటుకుంటుందా?" అని అడిగే హక్కు ఎవరికి ఉంది?

ఆ అమ్మాయికే ఉంది. ఆమె మాత్రం అడగదు, అడిగే స్థితిలో లేదు. దగ్గుతున్న మనిషిని "కాస్త మాస్కు పెట్టుకోవే" అనడానికి కూడా ముందు ఆ గదిలో తన చోటు ఖాయమై ఉండాలి.

ఇక్కడే చెప్పాలా దాచాలా అన్న ప్రశ్నకి కూడా జవాబు దొరుకుతుంది. తన జబ్బు గురించి రూమ్మేట్లకి చెప్పడం ఆమె బాధ్యతా? టీబీ అయితే నిస్సందేహంగా బాధ్యతే, వాళ్ళ ప్రాణానికి సంబంధించిన సంగతి కాబట్టి. పెంఫిగస్ వల్ల వాళ్ళకి వచ్చే ప్రమాదం సున్నా కాబట్టి ఆమె వాళ్ళకి ఏమీ బాకీ లేదు. బాకీ అటువైపు ఉంది. దగ్గున్నవాళ్ళు, జ్వరమొచ్చినవాళ్ళు ఆమెకి చెప్పాలి. కానీ ఆమె చెప్పకపోతే వాళ్ళకి ఆ బాకీ ఉందన్న సంగతే తెలీదు. చెబితే గది పోవచ్చు, చెప్పకపోతే ఆరోగ్యం పోవచ్చు. ఆమెని ఈ రెంటి మధ్య నిలబెట్టింది జబ్బు కాదు.

*

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇంతసేపూ నా వాదనంతా "అంటదు" అన్న మాట మీదే నడిచింది. అది ఎంత గట్టి నేల?

అవమానం పడ్డ అమ్మాయి ఏదో ఒక రోజు అంటుంది: "నాదేం కుష్టు కాదు." నిజమే. అలా అనడంలో తప్పు పట్టలేం. కానీ ఆ వాక్యం ఏం చేస్తుందో చూడండి. తన మీదున్న మైలని తీసి మరొకరి గుమ్మం ముందు పెడుతుంది. అంటే కుష్టు అయితే మీరు చేసింది సరే అన్నట్టు.

1915లో ఇసాబెల్ కెర్ అనే డాక్టర్ నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్టు ఆస్పత్రి మొదలుపెట్టినప్పుడు ఆ రోగం నిజంగానే అంటేది, దానికి సరైన మందూ లేదు. 1958లో కూకట్‌పల్లిలో రాణి కుముదినీదేవి శివానంద పునరావాస కేంద్రం పెట్టినప్పటికీ సంఘం భయం అలాగే ఉంది. వాళ్ళు "అంటదు" అన్న హామీ చూసుకుని తలుపు తీయలేదు. అంటుకునే జబ్బే, అయినా వీళ్ళు మనుషులే అనుకుని తీశారు. ఇవాళ ఆ జబ్బుకి మందులు ఉచితంగా దొరుకుతాయి, మందు మొదలైన కొద్దికాలానికే రోగి నుంచి ఇతరులకి ప్రమాదం పోతుంది. చట్టం మాత్రం ఆ సంగతి ఆలస్యంగా విన్నది. హిందూ వివాహ చట్టంలో కుష్టు విడాకులకి ఒక కారణంగా 2019 దాకా ఉంది. సైన్స్ "ఇక భయం లేదు" అన్నాక దశాబ్దాలపాటు భయం కాగితాల మీద బతికింది.

కాబట్టి "అంటదు" అన్నది తెలుసుకోవాల్సిన నిజమే, చెప్పాల్సిన నిజమే. కానీ మర్యాదని దాని మీద మాత్రమే నిలబెడితే, రేపు నిజంగా అంటుకునే జబ్బు వచ్చినవాడికి మన దగ్గర ఏ మర్యాదా మిగలదు. కోవిడ్ మొదటి రోజుల్లో శవాన్ని శ్మశానానికి రానివ్వనివాళ్ళు మనకి పరాయివాళ్ళేం కాదు. అంటుకునే జబ్బు వస్తే దూరం పాటించాలి. ఎంత దూరం, ఎన్ని రోజులు అన్నది డాక్టర్ చెబుతాడు. ఆ దూరం అవతలి నుంచి అన్నం పంపాలా, ఫోన్ చేయాలా, మంచం అలాగే ఉంచాలా అన్నది డాక్టర్ చెప్పడు. అది మనం తేల్చుకోవాలి.

లైబ్రరీలో జలుబు చేసిన కుర్రాడు ఈ అమ్మాయిని చూసి రెండు కుర్చీలు అవతలికి జరిగి కూర్చున్నాడనుకోండి. ఆమె పుండ్లు చూసి జరిగాడా, తన తుమ్ములు ఆమె మీద పడకూడదని జరిగాడా? చూసేవాళ్ళకి తేడా తెలియదు. దూరం రెండు సందర్భాల్లోనూ అదే రెండు కుర్చీలు. తేడా తెలిసేది ఆమెకొక్కదానికే, అదీ అతను జరిగే ముందు ఒక మాట అంటేనే: "అక్కా, నాకు జలుబుగా ఉంది, కొంచెం అటు కూర్చుంటా."